పాణము పాట యైన కథ



గతమాసమున నీ పుటలో ఊరగాయల నిలువ గూర్చి ముచ్చటించితిమి. ఈ మాసమున మాటల కొలత గూర్చి వ్రాయ నెంచినారము. ఊరగాయకును మాటకును నేమి సంబంధమని నవ్వకుడు. జాడీ బూజు పట్టినప్పుడు, ఉప్పు తక్కువైనదో, తడి తగిలినదో, నూనె చాలలేదో విచారింపక, ఆ చేతి వాటమే అంతయని కోడలిపై త్రోయుట మన యిండ్లలో నెఱుగని వారెవరు? మాటల విషయమునను అదియే జరుగుచున్నది.

మా త్రిపురారమున మా యింటి వెనుకవీథిలో నొక అవ్వ కలదు. సాగరు ఎడమకాలువ నీరు పాఱు వరిచేలలో నాట్లు వేసి, కలుపు తీసి, ఒక్కగానొక్క కుమారుని చదివించెను. అతడిప్పుడు హైదరాబాదున నుద్యోగము చేయుచున్నాడు. అవ్వకు అక్షరములు రావు. చేతిఫోనులో మాటలాడిన మాటను యంత్రమే అక్షరములుగా వ్రాసి పంపు సదుపాయ మున్నది గదా! దానిని పదేండ్ల మా చిన్నది అవ్వకు నేర్పెను. అవ్వ దినమున కొకమారు కుమారునకు రెండు మాటలు పంపి సంతోషించుచుండెను.

ఒకనాటి సాయంకాలము అవ్వకు జ్వరము తగిలెను. ఫోను చేతబట్టి, “నా పాణం మంచిగ లేదు బిడ్డా” అనెను. యంత్రము “నా పాట మంచిగా లేదు బిడ్డా” అని వ్రాసెను. చదువ నేరని అవ్వ దానినే పంపెను. కుమారుడది వేడుక యనుకొని, నవ్వుచున్న ముఖము బొమ్మ నొకదానిని బదులు పంపెను. అక్షరములు రాకున్నను బొమ్మ తెలియును గదా! తన జ్వరము విని కొడుకు నవ్వెనని అవ్వ తలచెను. మూడు దినములు ఎవ్వరితోను చెప్పక ముసుగు పెట్టి పడుకొనెను. నాలవనాడు మా చిన్నది పాలు తీసికొని పోయి చూచి, పరుగున వచ్చి మాతో చెప్పెను.

కుమారునకు వెంటనే మేమే ఫోను చేసితిమి. ఆ సంగతి పిదప చెప్పెదము. ఆనాడు మా యింట జరిగిన చర్చ మొదట వినుడు. పట్టణమున చదివి వచ్చిన మా బంధువొకరు, “ప్రాణము అనుటకు పాణం అనిన యంత్రమేమి చేయును? మాట శుద్ధముగా పలుకవలెను” అనిరి. చుట్టు నున్నవారు తల లూచిరి. అది విని మా చిన్నది మెల్లగా, “అమ్మా, ఇకమీద నేను అవ్వ లెక్క మాట్లాడను” అనెను. జ్వరము అవ్వకు వచ్చినను, తాపము మాకు తగిలెను. మా బిడ్డ పలుకు మాటలలో సగము ఆ అవ్వ యొడిలో నేర్చినవే.

మేము కోపముతో, “తప్పు అవ్వది కాదు, యంత్రముది” అంటిమి. మాయింటివారు గణితము చెప్పు ఉపాధ్యాయులు. వారు నవ్వి, “ఆయన చెప్పినదియు ఊహయే, నీవు చెప్పినదియు ఊహయే. నీ ఊహ తప్పయినచో నేమి కనబడవలెను? ఒప్పయినచో నేమి కనబడవలెను? ముందది చెప్పి, పిదప పరీక్షింపుము” అనిరి. మాటను పరీక్షించుట యెట్లని మేము మొదట తెల్లబోతిమి. పిదప చిన్ననాడు మా తండ్రిగారు నేర్పిన ఛందస్సు జ్ఞప్తికి వచ్చెను.

మాటలకు లెక్క కట్టుట మనకు క్రొత్త కాదు. పింగళుడు ఛందశ్శాస్త్రమున గురులఘువుల ప్రస్తారము చెప్పెను. మూడక్షరముల గణములు ఎనిమిదియే ఏల కావలెను? ఒక్కొక్క యక్షరము గురువో లఘువో కావలెను గనుక, రెండును రెండును రెండును హెచ్చవేయగా ఎనిమిది. మ, య, ర, స, త, జ, భ, న అను వరుసలో భగణ మెన్నవదియో వ్రేళ్లు మడువకయే తెలిసికొనవచ్చును. అక్షరములపై వరుసగా 1, 2, 4 అని వ్రాయుడు. లఘువులపై నున్న యంకెలను మాత్రము కూడి, ఒకటి చేర్చుడు. భగణమున రెండవదియు మూడవదియు లఘువులు. 2ను 4ను కూడి ఒకటి చేర్చగా 7. భగణము ఏడవదియే. దీనిని ఉద్దిష్టమందురు.

ఇదే రీతి ఉత్పలమాలకు చేయుడు. పాదమున కిరువది యక్షరములు. అట్టి పాదములు గురులఘువుల మార్పుచే 10,48,576 విధముల నుండవచ్చును. వానిలో ఉత్పలమాల 3,55,799వది. దాని మొదటి గురువును విడదీసి రెండు లఘువులు చేసిన చంపకమాల యగును; అది ఇరువదియొక్క యక్షరముల వృత్తములలో 7,11,600వది. మధ్యాహ్నము తీరికవేళ చింతగింజలతో కాక కాగితముపై వేసి చూడుడు. ఎవరు వేసినను అదే యంకె వచ్చును. అత్తగారు వేసిన నొకటియు, కోడలు వేసిన నొకటియు రాదు. శాస్త్రమున కిదియే మొదటి గుణము: చెప్పినవారి పెద్దఱికముతో పని లేదు; మఱియొకరు చేసి చూచిన సరిపోవలెను.

ఇక మా పరీక్ష. అవ్వకు జ్వరము తగ్గిన పిమ్మట, దినదినము వాడు వాక్యములు కొన్నిటిని చీటీలపై వ్రాసితిమి. అవ్వ, మా చిన్నది, మా బంధువు, ఈ ముగ్గురును అవే వాక్యములను అదే ఫోనులో పలుకవలెనని యేర్పాటు. మొదట వంటయింటిలో చేసితిమి. ముగ్గురి మాటలును చెడినవి! శుద్ధముగా పలికెడు మా బంధువు మాటయు చెడుట చూచి మేము లోలోన సంతోషించితిమి. కాని మాయింటివారు పైన తిరుగుచున్న పంకాను చూపిరి. ప్రక్కగదిలో మిక్సీ చప్పుడును ఉన్నది. “తప్పు మాటది కాదు, యంత్రముది కాదు, చప్పుడుది కావచ్చును గదా” అనిరి. మా సంతోషము నిలువలేదు.

మఱునాటి ఉదయము పెరటిలో వేపచెట్టు క్రింద, చప్పుడు లేని వేళ మరల చేసితిమి. ఈమారు మా బంధువు మాటలు చక్కగా వచ్చినవి. అవ్వ మాటలును మేమనుకొన్నదానికంటె హెచ్చుగానే సరిగా వచ్చినవి. కాని “పాణం” మాత్రము మరల పాటయే యయ్యెను. “నెల వంటిది గొంతుక, ముసలితనమున వణకుచున్నది, అందుచేత” అని మా బంధువనిరి. అదియు నొక ఊహయే; కావున దానినిని పరీక్షింపవలసినదే. అప్పుడు మాటలను మార్చితిమి. మా బంధువును “పాణం” అని పలుకుమంటిమి. అవ్వను “ప్రాణం” అని పలుకుమంటిమి. మా బంధువు నోట వచ్చిన పాణమును యంత్రము చెఱచెను. అవ్వ ప్రయాసపడి పలికిన ప్రాణమును సరిగా వ్రాసెను.

సోదరీమణులారా, ఇందు గమనింపవలసినది కలదు. గొంతుక మారినను మాట మారనప్పుడు తప్పు నిలిచినది; గొంతుక నిలిచి మాట మారినప్పుడు తప్పు పోయినది. కనుక దోషము అవ్వ గొంతులో లేదు. యంత్రమునకు ఆ మాట పరిచయము చాలలేదు. ఒక్క ఫోను, ముగ్గురు మనుష్యులు, రెండు దినములు: ఇంతటితో లోకమున కంతకును తీర్పు చెప్పరాదు. మా పెరటిలో నిట్లు తేలినదని మాత్రము చెప్పవచ్చును.

అయినను మా బంధువు ఒప్పుకొనలేదు. “యంత్రమునకు తెలియకపోవుట వేఱు, మాట తప్పగుట వేఱు. పాణం అనునది ప్రాణమునకు చెడిన రూపము కాదా?” అనిరి. ప్రశ్న న్యాయమైనదే. నాలుక తడబడి వచ్చిన తప్పయినచో, ఒకచో రేఫము పోవలెను, ఒకచో ఉండవలెను, క్రమ ముండరాదు. నియమము వలన వచ్చినదయినచో అట్టి మాటలన్నిటను అదే మార్పు కనబడవలెను. అవ్వ మాటలను వారము దినములు చెవియొగ్గి విని వ్రాసికొంటిమి. ప్రాణమునకు పాణము; ప్రొద్దుకు పొద్దు; క్రిందకు కింద; క్రొత్తకు కొత్త; ప్రాతకు పాత. మాట మొదటి హల్లుతో కూడిన రేఫము వరుసగా పోవుచున్నది.

చదువుచుండగానే మీకు నవ్వు వచ్చియుండును. కొత్త, పాత, కింద, పొద్దు అనని వారెవరు? మా బంధువు స్వయముగా ఆ యుదయమే, “కొత్త చెప్పులు మెట్ల కింద ఉన్నవి” అని కేక వేసిరి. క్రొత్తను కొత్త చేసిన నియమమే ప్రాణమును పాణము చేసెను. ఒకటి పట్టణములకు పోయి పుస్తకములలో కెక్కినది. ఒకటి పొలముగట్టున నిలిచినది. అంతియే భేదము.

సరిపడని మాటయు దొరకెను. దానిని దాచుట న్యాయము కాదు. రాత్రిని అవ్వ రాతి యనదు, “రాతిరి” అనును. ఇచట రేఫము పోలేదు. నడుమ నొక అచ్చు వచ్చి చేరినది. కనుక మా నియమమును సవరించుకొంటిమి: మాట మొదట రేఫము పోవును, మాట నడుమ వేఱు త్రోవ యుండవచ్చును. సరిపడని మాటయే మాకు హెచ్చు నేర్పినది. చీర చుట్టుకొలతకు సరిపోకున్న చీరను కత్తిరింతుమా? కొలతను మరల చూచుకొందుము.

ఈ రీతినే పెద్దలును పని చేసిరి. దక్షిణదేశపు భాషలన్నియు సంస్కృతమునుండి పుట్టినవని పలువురు నమ్ముచుండిన కాలమున, చెన్నపట్టణమున ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ దొర, 1816లో కాంబెల్ దొర తెలుగు వ్యాకరణమునకు చేర్చిన పీఠికలో, తెలుగు, తమిళ, కన్నడముల ధాతువులను ప్రక్కప్రక్కన నిలిపి చూపెను. ఎరువు తెచ్చుకొన్న మాటలెన్ని యున్నను, ధాతువులు ఈ మూటికి ఉమ్మడి సొత్తని చూపి, ఇవి వేఱొక కుటుంబమని నిరూపించెను. కాల్డ్వెల్ దొర 1856లో వెలువరించిన గ్రంథమున ఆ పనిని విస్తరించెను.

మన కాలమున నీ విద్యకు మేటి భద్రిరాజు కృష్ణమూర్తిగారు. వారు 1928లో జనించి 2012లో పరమపదించిరి. ఉస్మానియా విశ్వవిద్యాలయమున భాషాశాస్త్ర మాచార్యులై, పిదప హైదరాబాదు విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షులైరి. వారు శ్రద్ధగా పరిశోధించిన విషయ మొకటి మన వంటయింటినుండియే చెప్పవచ్చును. మనము రోలు అనుదుము. తమిళులు ఉరల్ అందురు. మనము రోకలి అనుదుము. వారు ఉలక్కై అందురు. మన రెండు వారికి ఇరండు. మన లేత వారికి ఇళ. వారి మాటలలో అచ్చు ముందును హల్లు వెనుకను ఉన్నవి. మన మాటలలో హల్లు ముందునకు వచ్చి అచ్చు వెనుకకు పోయినది. రెండు మాటలలో కనబడిన యాదృచ్ఛిక మనవచ్చును. వరుసగా కనబడిన నియమ మనక తప్పదు.

అయితే ఎలుక మాట యేమి? తమిళమున ఎలి. మనకు లేలుక కాలేదు, ఎలుకగానే నిలిచినది. మా అవ్వ రాతిరివలె, ఇదియు లొంగని మాట. కృష్ణమూర్తిగారు ఇట్టివానిని త్రోసివేయలేదు. ధ్వనిమార్పు అన్ని మాటలకు ఒక్కమారే తగులదు, పెండ్లి పిలుపువలె ఒక్కొక్క యింటికి పోవుచు మాట వెంట మాటగా వ్యాపించునని 1978లో నొక వ్యాసమున ప్రతిపాదించిరి. 1983లో లింకన్ మోసెస్, డగ్లస్ డాన్‌ఫర్త్ అను గణాంకశాస్త్రజ్ఞులతో కలిసి, మార్పు తగులక మిగిలిన మాటలనే సాక్షులుగా నిలిపిరి.

ఆ లెక్క వినుడు. గోండి, కొండ, కుఇ, కువి, పెంగో, మండ అను ఆఱు సోదరభాషలలో ఏది యేదానికి దగ్గఱ చుట్టము? ముగ్గురికి వంశవృక్షము 3 విధముల గీయవచ్చును, నలుగురికి 15, ఐదుగురికి 105, ఆఱుగురికి 945. ఈ 945 వృక్షములను యంత్రముచే పరీక్షింపజేసి, మిక్కిలి తక్కువ మార్పులతో సరిపడు దానిని వెదకిరి. దొరకిన వృక్షము, పండితులు వేఱు సాక్ష్యములచే నిర్ణయించిన వృక్షముతో సరిపోయెను. రెండు త్రోవలు ఒక్క యూరికే చేరినచో ఆ యూరున్నదని నమ్మకము హెచ్చును గదా! 2018లో జర్మనీ దేశపు మాక్స్ ప్లాంక్ సంస్థ పండితులు మొదలగువారు ఇరువది ద్రావిడభాషల మాటలను ఇట్లే లెక్కకు తెచ్చి, ఈ కుటుంబము సుమారు 4,500 ఏండ్ల నాటిదని యంచనా కట్టిరి. అంచనా యని వారే చెప్పిరి; హెచ్చుతగ్గుల యవధిని గూడ చూపిరి. ఎంత తెలియునో చెప్పుటతోపాటు, ఎంత తప్పుండవచ్చునో చెప్పుటయు శాస్త్రధర్మమే.

ఇక యంత్రము పాణమును పాట యేల చేసెను? యంత్రము లోపల మన అక్షరములు అంకెలు. యూనికోడు పట్టికలో ‘అ’ 3077, ‘క’ 3093. ఏ మాట తరువాత ఏ మాట తఱచుగా వచ్చునో లెక్క చూచి అది ఊహించును. ఈ లెక్కకు మూలపురుషుడు రష్యా దేశపు మార్కోవ్ పండితుడు. అతడు 1913లో పుష్కిన్ కవి కావ్యమొకదానినుండి 20,000 అక్షరములను తీసి, అచ్చు తరువాత అచ్చెన్నిమారులు, హల్లెన్నిమారులు వచ్చెనో చేతితో లెక్కించెను. ఇరువది వేల బియ్యపుగింజలను ఏరినట్లున్నది గదా ఆ యోర్పు! 1948లో అమెరికా దేశపు షానన్ పండితుడు ఆ లెక్కను తంతివార్తలకును మాటల ఊహకును అన్వయించెను.

యంత్రము తనకు చూపిన తెలుగునే యెఱుగును. దానికి చూపిన తెలుగులో పాట వేయిమారులు వచ్చి, పాణము ఒక్కమారును రాకున్నచో, సందేహము కలిగినపుడు అది పాటవైపే మొగ్గును. ఇది మా యూహ. ఆ యంత్రపు కడుపు మేము చూచినవారము కాము. కాని ఊహ నిజమైనచో నివారణయు తెలియుచున్నది. లెక్కలో లేని మాటను లెక్కలో చేర్పవలెను. ఎవరి మాటలు వ్రాతలో నుండవో, వారి మాట యంత్రమునకు తప్పుగా తోచును. పుస్తకములు వ్రాయనివారెవరు? నాట్లు వేయువారు, వంట చేయువారు, బిడ్డలను జోకొట్టువారు. అనగా హెచ్చుభాగము మనమే.

మాటలను ఏరుట సాధ్యమా యని సందేహింపకుడు. కృష్ణమూర్తిగారి సంపాదకత్వమున, రైతులనోట మాటలను ఊరూర వ్రాసికొని కూర్చిన మాండలిక వృత్తిపదకోశపు మొదటి సంపుటమును, వ్యవసాయపదములతో, ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1962లో ప్రకటించెను. ఒకే పనిముట్టును ఒక్కొక్క జిల్లాలో ఏమందురో అందు చూడవచ్చును. చేనేత పదములకు మఱియొక సంపుటము 1971లో వెలువడెను. వంటయింటి మాటలకును, ప్రసవపుగది మాటలకును, జోలపాటల మాటలకును మనకంటె తగినవారెవరు?

ఒక నోటుపుస్తకము చేయుడు. మాటను విన్నది విన్నట్లు వ్రాయుడు, దిద్దకుడు. విడిమాట గాక వాక్యమంతయు వ్రాయుడు. పలికినవారి వయస్సు, ఊరు, ఏ పనిలో నుండగా పలికిరో, తేదీ వ్రాయుడు. వారి యనుమతి యడిగియే వ్రాయుడు. మీ నియమమునకు సరిపడని మాటకు చుక్క పెట్టుడు, దానిని కొట్టివేయకుడు. ఇంటిలో చదువనేరని పెద్దలున్నచో, వ్రాసిన మాటను పంపుటకు ముందు ఎవరైన నొకరు చదివి వినిపించునట్లు చూడుడు. అనారోగ్యపు వార్తను యంత్రము చేతి వ్రాతకు విడువకుడు. నోటితో చెప్పుడు, చెవితో వినుడు.

కుమారుని సంగతి చెప్పెదమంటిమి గదా! మేము ఫోను చేసిన నాటి రాత్రియే బయలుదేరి తెల్లవాఱుసరికి వచ్చెను. గడప దాటక మునుపే తల్లి కాళ్లు పట్టుకొని, “నేను పాట అనుకున్ననే అమ్మా” అనెను. అవ్వ అతని తల నిమిరి, “అన్నం తిన్నవా?” అని మొదట అడిగెను.

మా పరీక్ష ముగిసిన సాయంకాలము మా చిన్నది నోటుపుస్తకము చంకన బెట్టుకొని పోయి, “అవ్వా, నీ మాట తప్పు కాదంట. మేం లెక్క చేసి చూసినం” అని చెప్పెను. అవ్వ బోసినోట నవ్వి, “లెక్క ఎందుకు బిడ్డా, నాకు ముందుగాలనే ఎరుక” అనెను. మా చిన్నది ఆ వాక్యమును, తేదీతో సహా, దిద్దక వ్రాసికొనెను.